నోరు విప్పని నువ్వుకాయ

2021 నవంబరు. నర్సీపట్నం శివార్లలో, కొండలు మొదలయ్యే వైపు ఉన్న ఒక చిన్న పంటల పరిశోధన క్షేత్రం. అందులో నేను అప్పటికి పదిహేడేళ్ళుగా నువ్వు పంట మీద పనిచేస్తున్నాను. రకరకాల నువ్వు మొక్కల్ని వరసలుగా వేయించడం, ఎత్తు కొలవడం, కాయలు లెక్కపెట్టడం, మంచి మొక్కకు రంగు ట్యాగు కట్టి దాని గింజ విడిగా దాచడం, అన్నీ ఫీల్డ్ బుక్కులో రాయడం నా పని. మా ఆడపడుచు ఒకసారి, "జీతమిచ్చి మరీ నువ్వులు లెక్కపెట్టిస్తారా వదినా?" అని అడిగింది. లెక్కపెట్టిస్తారు. తప్పుగా లెక్కపెడితే మెమో కూడా ఇస్తారు.

ఇది నా గొప్ప చెప్పుకోవడానికి రాస్తున్నది కాదు. నా కుళ్ళు గురించి రాస్తున్నది. ఆ మాట రాయడానికి చెయ్యి వెనకాడింది గానీ, దాని బదులు ఇంకో మర్యాదైన మాట వెతికితే ఇది కూడా అబద్ధమే అవుతుంది. ఆ రోజుల్లో నేను ఆడిన అబద్ధం ఒకటి చాలు.

ముందు నువ్వుకాయ సంగతి చెప్పాలి. చిటికెన వేలిలో ఒక కణుపంత ఉంటుంది. మామూలు కాయకు నాలుగు పలకలు, ఒక్కో పలక లోపల ఒక వరస గింజలు. పండి ఎండగానే కాయ కొస దగ్గర చీలుతుంది. నోరు విప్పింది అంటారు రైతులు. గాలి ఊపితే గింజలన్నీ నేల మీదికి జల్లుమంటాయి. దీన్ని మేము షాటరింగ్ అంటాం. మొక్క తన మంచికే ఇలా చేస్తుంది. పిల్లలన్నీ తల్లి కాళ్ళ దగ్గరే మొలిస్తే నీరూ నీడా చాలవు కాబట్టి వీలైనంత దూరం విసురుతుంది. మనిషికి మాత్రం గింజ కాయలోనే ఉండి ఇంటికి రావాలి, కళ్ళంలో దులిపినప్పుడే రాలాలి. రాలకుండా మిగిలిన గింజే ఇంటికి చేరుతుంది, మరుసటి ఏడు అదే విత్తనమవుతుంది. అలా తెలియకుండానే మనిషి తరతరాలుగా రాలని మొక్కల్ని ఏరుకుంటూ వచ్చాడు. వరిలో ఆ పని చాలావరకు పూర్తయింది, నువ్వులో సగంలోనే ఆగింది. అందుకే ఇవాళ్టికీ నువ్వు కోతంటే రైతుకు గుండె దడ. రెండు రోజులు ఆలస్యమైతే పంటలో సగం చీమల పాలు.

ఇక పద్మజ సంగతి. పద్మజా నేనూ ఒకే ఆర్డరు మీద, ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. తనది అనకాపల్లి, నాది ఈ ఊరే. ఇద్దరికీ ఒకే జీతం, ఒకే బల్లకు చెరోవైపు కుర్చీలు. అయినా మా హెడ్ అప్పలనాయుడు గారు ఏ సంగతైనా ముందు అడిగేది పద్మజనే. తనకు తలనొప్పి అంటే కాఫీ తెప్పించేవారు, నాకు జ్వరం అంటే లీవు లెటరు అడిగేవారు. రోజంతా చేలో తిరిగి వచ్చినా ఆవిడ చీర నలిగేది కాదు. ఇలాంటివి లెక్కపెట్టుకోవడంలో కూడా నేను సిద్ధహస్తురాలిని.

అంతకు నాలుగైదేళ్ళ ముందు మా వరసల్లో పద్మజకు ఒక మొక్క దొరికింది. దాని కాయ ఎండినా నోరు విప్పలేదు. అదే వరస పక్కన నేను మూడుసార్లు నడిచాను. ఆకులు దొప్పల్లా పైకి ముడుచుకుని ఉంటే తెగులు అనుకుని వదిలేశాను. తను ఆగింది, వంగి చూసింది, ట్యాగు కట్టింది. పై ఆఫీసునుంచి పెద్దవాళ్ళు వచ్చి ఆ మొక్క పక్కన నిలబడి ఫోటోలు దిగారు. ఆ ఫోటోలు తీసింది నేను.

"ఆకులు ముడుచుకోడానికీ కాయ మూసుకోడానికీ ఏంటి సంబంధం?" అని ఆ రోజుల్లో తనని అడిగాను. తెలుసుకోవాలని కాదు, తప్పు పట్టాలని.

"కాయ అంటే ఏంటే రమణీ? ముడుచుకుని అంచులు అతుక్కున్న ఆకే," అంది పద్మజ. "ఆకుకి ఏది పైవైపు, ఏది కిందవైపు అని చెప్పే జన్యువే కాయకి కూడా ఎక్కడ చీలాలో చెప్తుంది. దీనిలో ఆ జన్యువు చెడిపోయింది. అందుకే ఆకూ ముడుచుకుంది, కాయా మూసుకుంది. రెండూ ఒకే తప్పు."

ఎంత తేలిగ్గా చెప్పింది. కాయ ఆకారమూ, విత్తనం వెదజల్లే తీరూ వేరు వేరు సంగతులని నేను అనుకుంటూ ఉంటే, రెండింటి తాళంచెవీ ఒకటేనని చీర కొంగు సర్దుకుంటూ చెప్పేసింది.

అయితే ఆ మొక్కలో ఒక లోపం ఉంది, ఆ లోపమే నాకు ఊరట. కాయ ఎంత గట్టిగా మూసుకుందంటే, కర్రతో బాదినా విడదు. రోకలితో దంచితే గింజ కూడా నలిగిపోతుంది. గింజలూ తక్కువే. దాన్ని వేరే రకాలతో కలిపి, అంటే క్రాస్ చేసి, గింజను పట్టి ఉంచుతూనే దులిపితే వదిలే మొక్కను తీయాలని పద్మజ నాలుగేళ్ళుగా తంటాలు పడుతోంది. ఆ పనికి వేసవిలో బోరు నీళ్ళు అందే మడి కావాలి. మా క్షేత్రంలో అలాంటిది ఒక్కటే ఉంది, పది సెంట్లు. రాబోయే వేసవికి అది తనకే ఇస్తారని అందరికీ తెలుసు. తనకు బదిలీ కూడా దగ్గరపడింది. "ఈ వేసవి ఒక్కటే నాకు మిగిలిందే. ఈ పంట చూసుకుంటే చాలు, తర్వాత ఎక్కడికి పంపినా పోతాను," అని నాతోనే అంది. వేరే ఎవరితోనైనా అని ఉంటే బాగుండేది.

ఆ నవంబరులో నన్ను కొయ్యూరు వైపు కొండ ఊళ్ళకు పంపారు. గిరిజన రైతులు తరాలుగా దాచుకుంటున్న నాటు నువ్వుల విత్తనం సేకరించాలి. ముందురోజు సాయంత్రం వెళ్ళి ఒక ఊళ్ళో బడి గదిలో పడుకున్నాం, నేనూ డ్రైవరూ. ఇంకా చీకటి పూర్తిగా విడకముందే చిన్నాలమ్మ అనే ఆవిడ వచ్చి లేపింది. అరవై దాటిన మనిషి, చేతిలో కొడవలి, భుజాన పాత చీర. ఆ చీర కోసిన మొక్కల కింద పరవడానికి.

"బేగి రామ్మా, పొద్దెక్కితే ఇంక కొయ్యలేం," అంది.

వాలు మీద ఆవిడ చేను. మంచు కురిసి మొక్కలన్నీ తడిసి ఉన్నాయి. నల్ల నువ్వు. కాయలు చూసి ఆగిపోయాను. పొట్టిగా, బొద్దుగా, ఎనిమిది పలకలతో ఉన్నాయి. మా క్షేత్రంలో ఇలాంటి కాయ ఆకారం ఒకటి రెండు రకాల్లోనే చూశాను. ఆకులు చక్కగా, సాఫుగా ఉన్నాయి, ముడత లేదు. పూర్తిగా పండి గోధుమరంగు తిరిగిన ఒక మొక్కను పట్టుకుని, కింద తెల్లగుడ్డ పరిచి, తలకిందులు చేసి మూడుసార్లు తట్టాను. షాటరింగ్ లెక్కించడానికి మా పద్ధతి అదే, దాన్ని స్కోరింగ్ అంటాం. గుడ్డ మీద రాలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని గింజలు. ఇంకో మొక్క తట్టాను. అదీ అంతే. పన్నెండు మొక్కలు చూశాను, పన్నెండూ అంతే.

ముడుచుకోని ఆకు, మంచి కాయ, రాలని గింజ. పద్మజ నాలుగేళ్ళుగా వెతుకుతున్నది నా కాళ్ళ దగ్గర ఉంది. నాకు ముందు తట్టింది రైతులూ కాదు, నువ్వులూ కాదు. మీటింగులో ఇది చెప్పినప్పుడు పద్మజ మొహం ఎలా ఉంటుందా అన్నది తట్టింది.

ట్యాగులు కట్టడం మొదలుపెట్టాను. చిన్నాలమ్మ కొడవలి ఆపి నా వైపు చూసింది.

"ఏటమ్మా ఆ సీటీలు?"

"ఇవి మంచి మొక్కలు పెద్దమ్మా. గింజ రాలట్లేదు. వీటి విత్తనం తీసుకెళ్తాను."

"ఇప్పుడెలా తెలుస్తాది రాలతాదో రాలదో? కాసేపు కూకో. మంచు ఆరనీ. సెట్టు తడిగా ఉన్నంతసేపూ కాయ నోరు ముడుసుకునే ఉంటాది. అందుకే గదా మేం ఇంత పొద్దున్నే కోస్తాం. ఎండెక్కినాక ముట్టుకుంటే సగం నేలపాలే."

నాకు తెలియని సంగతి కాదు. ఎండిన కాయ గోడ తేమ పీల్చుకుంటే ఉబ్బి దగ్గరకు వస్తుందని పుస్తకంలో చదువుకున్నదాన్నే. స్కోరింగ్ పదకొండు దాటాక, ఆకు పొడిగా ఉన్నప్పుడు చెయ్యాలని మా ఫీల్డ్ బుక్కు మొదటి పేజీలోనే రాసి ఉంటుంది. కానీ పదకొండు దాకా ఉంటే నాకు కావలసిన జవాబు వస్తుందో రాదోనన్న భయం లోపల ఎక్కడో ఉంది. ఆ భయాన్ని జీపు మీదికి నెట్టాను.

"జీపు తొందరగా వెళ్ళిపోవాలి పెద్దమ్మా," అన్నాను. డ్రైవరు అప్పటికి నిద్ర కూడా లేవలేదు.

"నీ ఇష్టం. సదువుకున్నదానివి," అని మళ్ళీ కోతకు వంగింది ఆవిడ. ఒక కాయను దగ్గరగా ఫోటో తీసుకుని, విత్తనం కట్టించుకుని, ఎనిమిదింటికల్లా కొండ దిగిపోయాను.

డిసెంబరులో వేసవి పంటల మీటింగు. నేను లేచి కొయ్యూరు నువ్వు గురించి చెప్పాను, గోడ మీద ఫోటో వేసి చూపించాను. అప్పలనాయుడు గారు కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. పదిహేడేళ్ళలో నా మాటకు ఆయన అలా చెయ్యడం అదే మొదటిసారి. పద్మజ ఫోటో వైపే చూస్తోంది. తర్వాత ఒక్కటే అడిగింది.

"స్కోరింగ్ ఎన్నింటికి చేశావు రమణీ?"

"పదకొండు దాటాక," అన్నాను.

అంత చక్కగా అబద్ధం ఆడగలనని నాకే తెలియదు. తను తల ఊపి, పెన్ను మూత పెట్టుకుంది. పది సెంట్ల మడి నాకిచ్చారు. పద్మజకు నీళ్ళు అందని చోట నాలుగు వరసలు ఇచ్చారు. వేసవిలో అక్కడ నువ్వు బతకదని ఆ గదిలో అందరికీ తెలుసు.

ఆ రోజు ఇంటికి వెళ్తూ ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర స్వీట్లు కొన్నాను. ఎందుకని ఇంట్లో అడిగితే, మడి దొరికింది అన్నాను.

జనవరిలో విత్తాం. మొక్కలు నవనవలాడుతూ వచ్చాయి. బోరు తిప్పిన రోజున నీళ్ళు నా మళ్ళోకి పారుతుంటే, పద్మజ రెండు ప్లాస్టిక్ బిందెలతో తన నాలుగు వరసలకు మోసుకునేది. సాయం చెయ్యాలనిపించలేదా అంటే, లేదు. పైగా, అందరూ చూడాలనే అలా మోస్తోందని ఒళ్ళు మండేది. మార్చి నెలాఖరుకు ఆ వరసలు ఎండిపోయాయి.

ఏప్రిల్ రెండో వారం ఒక మధ్యాహ్నం ఒంటిగంటకు మడికి వెళ్ళాను. కాయలన్నీ పండాయి. వడగాలి వీస్తోంది. గట్టు మీద నిలబడగానే సన్నగా గలగల వినిపించింది. ముందు అర్థం కాలేదు. వంగి చూస్తే ఎనిమిది పలకల కాయలు ఒక్కటి మిగలకుండా నోరు విప్పి ఉన్నాయి. నేలంతా నల్లగా గింజలు. చీమలు అప్పటికే బారులు తీరి మోసుకుపోతున్నాయి. ఒక మొక్కను తలకిందులు చేశాను, తట్టాల్సిన పని కూడా లేకపోయింది. తల తీసేసినట్టయింది.

ఇప్పుడు రాయబోయేది రాయకుండా ఉండాలనిపిస్తోంది. ఆ మండుటెండలో గట్టు మీద కూర్చుని నేను ఆలోచించింది పద్మజ గురించి కాదు, రిపోర్టు గురించి. 'అధిక ఉష్ణోగ్రతల కారణంగా' అని మొదలుపెట్టి ఒక వాక్యం బుక్కులో రాశాను కూడా. ఆ వాక్యం నిలబడేది. ఆ ఏడు ఎండలు అలాగే కాచాయి, ఎవరూ అడిగేవాళ్ళు కాదు. రెండో వాక్యం రాస్తుండగా పద్మజ వచ్చింది, గొడుగు వేసుకుని. మడి వైపు చూసింది. మళ్ళోకి దిగి, నోరు విప్పిన కాయ ఒకటి తుంచి గోటితో నిలువునా చీల్చింది. ఇంకోటి చీల్చింది. నన్ను పిలిచింది.

"ఇలా రా. పై సగం రాలిపోయింది గానీ, కింద సగం చూడు. గింజలింకా పట్టుకునే ఉన్నాయి. కాయ బొద్దుగా ఉండి మధ్యలో నొక్కుకుపోయింది గదా, అక్కడ గింజ తొడిమ గట్టిగా అతుక్కుంది. ఇది మంచి గుణమే రమణీ."

నా పంట నేలపాలైతే, ఆ నేలపాలైన పంటలో కూడా మంచిని కనిపెట్టింది తనే. నేను అంతసేపూ నేల మీది గింజలే చూశాను. తను వచ్చిన అయిదు నిమిషాల్లో కాయ లోపల చూసింది. సిగ్గుతో కాదు, కుళ్ళుతోనే నా నోటి నుంచి నిజం వచ్చింది.

"పద్మా, ఆ రోజు పదకొండింటికి కాదు. ఆరున్నరకి."

"తెలుసు," అంది.

"ఎలా తెలుసు?"

"నువ్వు చూపించిన ఫోటోలో కాయ మీద నీటిబొట్లు ఉన్నాయే. నవంబరులో పదకొండింటికి ఏ కొండ మీద ఉంటుంది మంచు?"

"మరి అప్పుడే అనొచ్చు గదా?"

"అడిగాను గదా. నువ్వు చెప్పావు. పదిమందిలో నిన్ను అబద్ధాలకోరువని ఎలా అనమంటావు? నువ్వే వచ్చి చెప్తావనుకున్నాను. జనవరిలో విత్తే రోజు దాకా చూశాను. తర్వాత చూడడం మానేశాను."

గొంతు పెంచలేదు, కళ్ళనీళ్ళు పెట్టుకోలేదు. గొడుగు నా వైపు కొంచెం వంచింది. ఆ మాటకు నేను కూలబడిపోయానని రాస్తే చదవడానికి బాగుంటుంది. నిజానికి ముందు వచ్చింది కోపం. తిట్టి ఉంటే లెక్క సరిపోయేది, తిట్టకుండా నా మీద ఇంకో మెట్టు ఎక్కి కూర్చుంది అనిపించింది. సిగ్గు తర్వాత వచ్చింది, ఇంటికి వెళ్ళాక, అన్నం ముందు కూర్చున్నాక. ఆ రోజు తినలేదు.

మర్నాడు అప్పలనాయుడు గారి దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. 'అధిక ఉష్ణోగ్రతల' వాక్యం కొట్టేసిన పేజీ కూడా చూపించాను.

"ఇప్పుడు చెప్పి ఏం లాభమండీ? వేసవి అయిపోయింది," అన్నారు.

"వచ్చే పంటకి మడి పద్మజకివ్వండి సార్."

"ఆవిడకి ఆర్డర్లు వచ్చేస్తున్నాయి. జూన్‌లో రిలీవ్ చెయ్యాలి."

నాకు మెమో ఇచ్చారు. తీసుకున్నాను. నిజమైన శిక్ష మెమో కాదని ఆయనకూ నాకూ తెలుసు. పద్మజ అడిగింది ఒక్క వేసవి. అది నా దగ్గర ఉంది, తిరిగి ఇవ్వడానికి వీలు లేకుండా ఖర్చయిపోయింది.

జూన్‌లో పద్మజ వెళ్ళిపోయింది, రాయలసీమ వైపు, వేరుశెనగ పనికి. వెళ్ళే రోజున యలమంచిలిలో రైలెక్కాలి, కారు గేటు దగ్గర ఆగి ఉంది. తను నా బల్ల దగ్గరికి వచ్చి ఒక ఖాకీ కవరు పెట్టింది. పైన పెన్సిలుతో తారీఖులు, వరస నంబర్లు. నోరు విప్పని మొక్క విత్తనం. ఎండిపోయిన వరసల్లోంచి మిగిలింది అంతే, గుప్పెడు కూడా లేదు.

"దీన్ని నీ ఎనిమిది పలకల దానితో క్రాస్ చెయ్యి," అంది.

"నాకెందుకు ఇస్తున్నావు? నేను నీకు చేసిందానికి?"

"నీ అంత మొండిగా ఇంకెవరు చూస్తారు చెప్పు? నామీద కోపంతోనైనా చూస్తావు."

అంటే పదిహేడేళ్ళూ తనకు తెలుసు. తన కాఫీలూ తన చీరలూ నేను లెక్కపెట్టుకున్న సంగతి. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. తను నవ్వి, బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది.

కోపంతోనే చేశాను, నిజం. నువ్వు పువ్వును క్రాస్ చెయ్యడం కష్టం కాదు గానీ విసుగు. పువ్వు విచ్చుకునే ముందురోజు సాయంత్రం దాని గొట్టాన్ని లాగితే మగ కేసరాలు దానితోపాటే ఊడి వస్తాయి. మిగిలిన ఆడ భాగం మీద కూల్‌డ్రింక్ స్ట్రా ముక్క తొడిగి మూసేస్తాం. మర్నాడు పొద్దున్నే వేరే మొక్క పుప్పొడి అద్దుతాం. కొన్ని వందల పువ్వులు. ఒక్కో స్ట్రా తొడుగుతూ, నీ పని నేనెందుకు చెయ్యాలి అని తనని తిట్టుకున్నాను. వదల్లేదు.

మొదటి తరంలో అన్ని కాయలూ నోరు విప్పాయి. కాయను మూసే గుణం అణగి ఉండేది, తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు పాళ్ళూ వస్తేనే బయటపడుతుంది. ఆ సంగతి తెలిసి కూడా ఆ సాయంత్రం గట్టు మీద కూర్చుని ఏడ్చాను. రెండో తరంలో నాలుగింట ఒక మొక్కకు కాయ మూసుకుంది, ఆకూ ముడుచుకుంది. అక్కడి నుంచి ఏరడమే పని. మూసుకున్న కాయల్లో ఎనిమిది పలకలవి, బొద్దువి, మధ్యలో నొక్కుకున్నవి విడదీశాను. వాటిలో కొన్నింటికి కొసన సన్నటి చీలిక వచ్చింది. గింజ బయటకు రావడానికి దారి ఉంది, కానీ లోపలి తొడిమ వదలదు. చీలికను తెరిచే గుణం ఒక చోట, గింజను పట్టే గుణం ఇంకో చోట, కాయ ఆకారం ఈ రెండింటి మధ్య. పద్మజ చెప్పినదానికంటే ఇది కాస్త చిక్కుగా ఉంది. ఆ చిక్కు నాకు దొరికిందని లోపల సంతోషించాను. ఎందుకు దాచాలి?

2024 వానాకాలంలో ఆ మొక్కల విత్తనాన్ని చిన్నాలమ్మ చేలో కొన్ని వరసలు వేయించాను. నవంబరులో, కోతరోజున పొద్దున్నే వెళ్ళాను, ట్యాగు మాత్రం ముట్టుకోలేదు. మంచు ఆరింది. పది అయింది. "సూద్దువా?" అంది చిన్నాలమ్మ. "ఇంకా ఉండు పెద్దమ్మా," అన్నాను. పన్నెండున్నరకు ఎండ నెత్తి మీద ఉండగా ఆవిడే ఒక మొక్క పెరికి తన పాత చీర మీద తలకిందులు చేసింది. ఏమీ రాలలేదు. గట్టిగా ఊపింది. నాలుగు గింజలు. చేతికర్ర తీసుకుని రెండు దెబ్బలు వేసింది. చీర నల్లబడింది.

ఆవిడ చాలాసేపు గింజల్లో వేళ్ళు పెట్టి కదిపింది.

"బాగుందమ్మా," అంది. "ఆకే బాగోలేదు. మేక కూడా ముట్టదు దీన్ని."

"ఆకు బాగుచెయ్యడం నావల్ల కాలేదు పెద్దమ్మా."

"కాయ నిలబడింది సాలు. ఇంక తెల్లారకముందే లెగనక్కర్లేదు. నడుం పడిపోతంది నాకు." అని, గింజలన్నీ ఏరి కొంగున మూట కట్టుకుంది. నాకు ఒక్కటీ ఇవ్వలేదు. నేనూ అడగలేదు.

ఈ ఏడు ఆ లైనును, అంటే ఏరి నిలబెట్టిన ఆ విత్తనాన్ని, వేరే జిల్లాల్లో పరీక్షలకు పంపడానికి ఫారం వచ్చింది. అంటే ఒక రకంగా గడప దాటినట్టు, ఇంకా చాలా దూరం ఉంది. ఫారంలో 'మూల విత్తనం' అన్నచోట చిన్నాలమ్మ పేరు, ఊరు రాశాను. దాని కింద 'అభివృద్ధి చేసినవారు' అని ఒక గడి ఉంది. ఒక్క పేరు పట్టే గడి. కంప్యూటరులో నా పేరు టైపు చేశాను. చూసుకున్నాను. బాగుంది. మూడేళ్ళు ఎండలో నిలబడ్డది నేను, స్ట్రాలు తొడిగింది నేను, ఏడ్చింది నేను. ఆ పేరు ఆ గడిలో ఉండడం తప్పు అని ఎవరూ అనరు. భోజనానికి వెళ్ళి వచ్చేదాకా అలాగే ఉంచాను.

వచ్చాక చెరిపేసి పద్మజ పేరు రాశాను. నా పేరును దాని కింద 'సహకారం' అన్న చోట పెట్టాను. మంచితనంతో రాశానని ఎవరూ అనుకోవద్దు. ఒక్కో అక్షరం కొడుతుంటే కడుపు మండింది. అయితే ఆ మొక్కను మొదట వంగి చూసింది తను. నేలపాలైన నా పంటలో పనికొచ్చేదాన్ని చూపించింది తను. తన వేసవి నా దగ్గర ఉండిపోయింది. ఇంతే లెక్క.

ఫోన్ చేసి చెప్పాను.

"నీ పేరు పెట్టుకోవలసిందే రమణీ. కష్టం నీదే గదా," అంది పద్మజ.

మళ్ళీ ఒళ్ళు మండింది. ఇచ్చింది నేనైతే, ఇక్కడ కూడా పెద్దమనసు తనదే అయింది. అసూయ పోతుందని ఇదంతా నాకు నేర్పలేదు. పోలేదు, ఇవాళ్టికీ ఉంది, ఫోన్ పెట్టేశాక కూడా చాలాసేపు ఉంది. అది లోపల ఉండగానే గడిలో సరైన పేరు రాయవచ్చని మాత్రం నేర్చుకున్నాను. ఫారం మార్చకుండా పంపేశాను.